మా ఇంటి పిల్లర్లు లావైన కథ

మా ఊరు పూండి చెరువుకు దిగువన, కుశస్థలి ఏటి పక్కన ఉంది. చెరువు అని మేము అంటాం గానీ పుస్తకాల్లో దాని పేరు సత్యమూర్తి సాగరం. 1944లో కట్టినారు. ఆంధ్ర నుంచి కండలేరు కాలువలో వచ్చే కృష్ణా నీళ్ళు ఇందులోకే చేరతాయి. ఇక్కడి నుంచి చెన్నైకి తాగడానికి పోతాయి.

మా ఊళ్ళో పెద్దవాళ్ళను ఎవరిని అడిగినా భయమంటే ఒకటే చెబుతారు. అది వరద. కార్తీక మాసంలో నాలుగు రోజులు ముసురు పట్టిందంటే చాలు, పూండి గేట్లు ఎత్తుతారా ఎత్తరా అనేదే అందరి నోట్లో మాట. ఎత్తే ముందు మైకులో చెబుతారు. ఏటి పక్కన ఉండేవాళ్ళు మూటా ముల్లె సర్దుకుని స్కూలుకు వచ్చేస్తారు. అంటే వరదకు ముందే ఒక మాట ఉంటుంది.

భూకంపం గురించి మాత్రం మా ఊళ్ళో ఎవరూ మాట్లాడరు. అది గుజరాత్‌లో, నేపాల్‌లో, జపాన్‌లో వచ్చేదని అనుకుంటాం. నేను కూడా తొమ్మిదో తరగతి వరకు అట్లే అనుకున్నాను. ఆ ఏడాది మా ఇంటికి ఒక ఫోను వచ్చింది. అది మొదలు ఒక్కొక్కటిగా జరిగి, నాకు రావాల్సిన గది ఆగిపోయింది, మా ఇంటి పిల్లర్లు లావైనాయి. ఆ సంగతే ఈ వ్యాసంలో రాస్తున్నాను.

2024 డిసెంబరు 4, బుధవారం. పొద్దున ఏడున్నర దాటింది. నేను స్కూలుకని జడ వేసుకుంటున్నాను. ఖమ్మంలో కాపురం ఉండే మా పిన్ని అమ్మకు ఫోను చేసింది. గొంతు వణుకుతా ఉంది.

"అక్కా, ఇల్లు ఊగింది! పొయ్యి మింద పాలు పెట్టినా, గిన్నెలన్నీ గలగలమన్నాయి. పాపను ఎత్తుకుని రోడ్డు మిందకి పరుగెత్తినాం."

మా అమ్మ నమ్మలేదు. "నీకు తల తిరిగి ఉంటుందే. ఏమన్నా తిన్నావా లేదా?" అనింది. ఫోను పెట్టేసి నవ్వింది కూడా. తర్వాత వార్తల్లో చూస్తే నిజమే. 7 గంటల 27 నిమిషాలకు తెలంగాణలోని ములుగు జిల్లాలో భూకంపం వచ్చింది. దాని తీవ్రత 5.3. హైదరాబాదులో, విజయవాడలో కూడా జనం ఇళ్ళ నుంచి బయటికి వచ్చినారు. అమ్మ మళ్ళీ పిన్నికి ఫోను చేసి, నవ్వినందుకు ఏమనుకోవద్దనింది.

ఆ రోజు స్కూల్లో మా సైన్సు సారు పాఠం పక్కన పెట్టి దీని గురించే చెప్పినారు. మా క్లాసులో మేము పదకొండు మందిమి. అందరం ముందు బెంచీల్లోకి వచ్చి కూర్చున్నాం. సారు బల్ల మీద రెండు నోటు పుస్తకాలు పెట్టి ఒకదాన్ని ఇంకోదాని మీదకు నెట్టినారు. మన దేశం కూర్చున్న రాతి పలక ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరంగా జరుగుతా ఉందంట. గోళ్ళు పెరిగేంత నిదానం. అది పోయి ఆసియా పలకను నెట్టడం వల్లే హిమాలయాలు లేచినాయి. అందుకే అక్కడ పెద్ద భూకంపాలు వస్తాయి.

"మరి మనం అంత దూరంలో ఉన్నాం కదా సార్?" అని అడిగినాను.

సారు ఒక ఇటుకను చూపించినారు. ఒక పక్క చిన్న బీట ఉంది. "ఒక కొసన నెట్టితే ఆ ఒత్తిడి ఇటుక మొత్తం మీద పడుతుంది. పగిలితే ఎక్కడ పగులుతుంది?" అన్నారు. బీట ఉన్న చోటనే అని చెప్పినాం. దక్షిణ భారతం చాలా పాత భూమి. లోపల పాత బీటలు ఉన్నాయి. వాటిని భ్రంశాలు అంటారు. ఉత్తరాన పడే ఒత్తిడి ఆ బీటలకు కూడా చేరతా ఉంటుంది. ఇక్కడ అది చేరడానికి వందల, వేల సంవత్సరాలు పట్టొచ్చు. అందువల్ల భూకంపాలు అరుదుగా వస్తాయి. అరుదు అంటే రావు అని కాదు.

తర్వాత సారు బోర్డు మీద కొన్ని ఊర్లు, తేదీలు రాసినారు. నా నోటు పుస్తకంలో ఇంకా ఉన్నాయి.

1900 ఫిబ్రవరి 8, కోయంబత్తూరు, తీవ్రత సుమారు 6.
1967 మార్చి 27, ఒంగోలు, 5.4.
1969 ఏప్రిల్ 13, భద్రాచలం, 5.7.
1993 సెప్టెంబరు 30, మహారాష్ట్రలో లాతూరు దగ్గర కిల్లారి, 6.2.

ఇవన్నీ మన చుట్టుపక్కల రాష్ట్రాలే. కిల్లారి గురించి సారు ఎక్కువసేపు చెప్పినారు. అంతకు ముందు దేశాన్ని భూకంప ప్రమాదాన్ని బట్టి అయిదు మండలాలుగా విడగొట్టినారు. కిల్లారి మొదటి మండలంలో, అంటే అన్నిటికంటే భయం తక్కువైన చోట ఉండేది. తెల్లవారుజామున నాలుగు కావస్తుండగా అందరూ నిద్రలో ఉన్నప్పుడు భూమి అదిరింది. సుమారు 10 వేల మంది చనిపోయినారు. అదే తీవ్రత గల భూకంపం జపాన్‌లో వస్తే అంత మంది చనిపోరు అన్నారు సారు. కిల్లారిలో ఇళ్ళు రాళ్ళు, మట్టితో కట్టిన లావు గోడలు. పైన మందంగా మట్టి కప్పిన మిద్దెలు. గోడలు విడిపోయి ఆ బరువంతా నిద్రపోయే వాళ్ళ మీద పడింది.

2002లో కొత్త పటం తయారు చేసినప్పుడు ఆ మొదటి మండలాన్నే తీసేసినారు. ఇప్పుడు మన దేశంలో రెండో మండలం నుంచి లెక్క మొదలవుతుంది. భయమే లేని చోటు అంటూ ఏదీ లేదని దాని అర్థం. అదే పటంలో చెన్నైని రెండో మండలం నుంచి మూడో మండలానికి మార్చినారు. చెన్నై మనకు ఎంత దూరం? రైలెక్కితే గంటన్నర కూడా పట్టదు.

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు ఇదంతా మా అవ్వకు చెప్పినాను. అవ్వ ఆశ్చర్యపోలేదు. "మనకి రాలేదని ఎవరు చెప్పినారు నీకు?" అనింది.

2001లో, అంటే నేను పుట్టక ముందు, ఒక రాత్రి అవ్వ తాతకు అన్నం వడ్డిస్తా ఉందంట. అటక మీద ఇత్తడి చెంబులు ఒకదానికొకటి తగిలి మోగినాయి. పిల్లి అనుకుని "ఛీ" అని అదిలించింది. అంతలో కింద పెట్టిన నీళ్ళ గ్లాసులో నీళ్ళు అలలు కొట్టినాయి. వీధిలో ఎవరో అరిచినారు. అందరూ బయటికి పరుగెత్తినారు.

"బయటికొచ్చి ఏం చేసినారవ్వా?"

"ఏం చేస్తాం? అందురూ చెరువు దిక్కు చూస్తా నిలబడినాం. కట్ట తెగిందనే అనుకున్నాం. నీళ్ళ సద్దు వస్తాదని విన్నాం. ఏం రాలా. మీ తాత చేతి మింద అన్నం మెతుకులు ఎండిపోయినాయి గానీ లోపలికి పోను ధైర్యం చాలలా."

మర్నాడు సారును అడిగితే తేదీ చెప్పినారు. 2001 సెప్టెంబరు 25, రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతం. పుదుచ్చేరికి తూర్పున సముద్రం అడుగున వచ్చింది. తీవ్రత సుమారు 5.5. చెన్నైలో కూడా జనం రోడ్ల మీదకు వచ్చేసినారు. ఆ ఏడాది జనవరి 26నే గుజరాత్‌లో భుజ్ భూకంపం వచ్చి వేల మంది పోయినారు. అందువల్ల అందరికీ ఆ భయం ఇంకా మనసులోనే ఉంది.

అవ్వ మాటల్లో నాకు ఒకటి తోచింది. భూమి అదిరినా మా ఊరి వాళ్ళకు గుర్తొచ్చింది నీళ్ళే. తెలిసిన భయమే కనబడుతుంది, తెలియనిది మన కాళ్ళ కింద ఉన్నా కనబడదు.

మా మామ ఒకాయన "చెరువు కట్టినారు కాబట్టే అదిరింటుంది, నీళ్ళ బరువు" అన్నాడు. ఇది పూర్తిగా ఉత్త మాట కాదు. మహారాష్ట్రలో కొయనా డ్యాం కట్టి నీళ్ళు నింపినాక 1967 డిసెంబరు 11న అక్కడ పెద్ద భూకంపం వచ్చింది. జలాశయం నీళ్ళు రాతి బీటల్లోకి దిగి, ఆ బరువు కూడా తోడై భూకంపాన్ని రేపిందని శాస్త్రవేత్తలు చెబుతారు. కానీ కొయనా డ్యాం ఎత్తు 103 మీటర్లు. మన పూండిలో నిండా నీళ్ళున్నా 35 అడుగులు, అంటే 11 మీటర్లు కూడా కాదు. కాబట్టి పూండి చెరువును అనుమానించే పని లేదు. అనుమానించాల్సింది మన ఇళ్ళనే.

ఆ మాట నాకు మా ఇంటి దగ్గరే తగిలింది.

మా నాయన బేల్దారి మేస్త్రి. తిరువళ్ళూరు, ఊత్తుకోట, తిరుత్తణి దాకా పోయి ఇళ్ళు కడతాడు. మా ఇంటిని నేను పుట్టిన ఏడాది తన చేతులతోనే కట్టినాడు. ఒక గది, ఒక హాలు, వంటిల్లు. గదిలో అమ్మానాయన, తమ్ముడు. హాల్లో నేను, అవ్వ. అవ్వకు రాత్రంతా దగ్గు. నేను పదో తరగతికి వచ్చేసరికి మిద్దె పైన ఒక గది వేస్తానని, అది నాకేనని నాయన రెండేళ్ళుగా చెబుతా ఉన్నాడు. దానికని చీటీ కట్టినాడు. ఆ గదికి కిటికీ ఏ దిక్కు పెట్టాలో కూడా నేను చెప్పేసినాను. చెరువు కట్ట కనబడే దిక్కు.

పోయిన వేసవి సెలవుల్లో పని మొదలైంది. కంబి, సిమెంటు, జల్లి దిగినాయి. అప్పటికి సారు నాకు కొన్ని కాగితాలు ఇచ్చి ఉన్నారు. ఐ.ఐ.టి. కాన్పూర్‌లో ప్రొఫెసర్ సి.వి.ఆర్. మూర్తి గారు భూకంపాన్ని తట్టుకునే ఇళ్ళ గురించి అందరికీ అర్థమయ్యేటట్లు బొమ్మలతో రాసిన 24 చిన్న పాఠాలు అవి. ఇంగ్లీషులో ఉన్నాయి. కొన్నిటిని స్కూలు పత్రిక కోసం తెలుగులో రాయమని సారు చెప్పినారు. ఒక్కో మాటకు డిక్షనరీ చూసుకుంటా రాస్తున్నాను. అందులో పిల్లర్ల పాఠం ఒకటి.

పిల్లరు లోపల నిలువు కంబులు ఉంటాయి కదా, వాటి చుట్టూ రింగులు కడతారు. రింగు కొసలు రెండింటినీ ఎట్ల వంచినారనేది చాలా ముఖ్యం. కొసను ఊరికే మూల దగ్గర 90 డిగ్రీలకు మడిస్తే అది పిల్లరు పైతోలులో, అంటే బయటి కాంక్రీటులో ఉండిపోతుంది. భూమి ఊగినప్పుడు ఆ పైతోలు రాలిపోతుంది. అప్పుడు రింగు విప్పుకుంటుంది, లోపలి కంబులు పక్కకు వంగిపోతాయి, పిల్లరు నలిగిపోతుంది. అదే కొసను ఇంకా వంచి, 135 డిగ్రీలకు, పిల్లరు నడిమధ్యకు చూసేటట్లు మూడంగుళాలు లోపలికి పెడితే రింగు విప్పుకోదు. గడ్డి మోపుకు తాడు కట్టి కొసను లోపలికి దోపినట్లన్నమాట. పైనే వదిలేస్తే దారిలోనే మోపు విప్పుకుంటుంది.

ఒక పొద్దున కాఫీ తీసుకుని మిద్దె పైకి పోయినాను. మేకులు కొట్టిన చెక్క మీద నాయన, ఇంకో ఇద్దరు రింగులు వంచుతున్నారు. కొసలన్నీ 90 డిగ్రీలకే ఉన్నాయి. నేను ఆగలేకపోయినాను.

"నాయనా, ఇవి తప్పు. కొస లోపలికి వంచాల" అన్నాను.

పనివాళ్ళిద్దరూ నవ్వినారు. "మేస్త్రీ, కొత్త ఇంజినీరమ్మ వచ్చింది" అన్నాడు ఒకాయన. నాయన నవ్వలేదు.

"ఇరవై అయిదేండ్లుగా ఇదే పని చేస్తాండా పాపా. నేను కట్టిన ఇల్లు ఒగటన్నా పడిందా? కాగితం చదివి నాకు నేర్పిస్తావా? కిందికి పో."

నలుగురిలో నాయనను అట్లా అన్నందుకు నాకే సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది. నాయన అన్నది అబద్ధం కాదు. ఆయన కట్టిన ఇల్లు ఒక్కటీ పడలేదు. వాటిల్లో ఒక్కటి కూడా ఇంతవరకు భూకంపాన్ని చూడలేదు కూడా. ఈ రెండో మాట ఆయనతో అనడానికి నాకు నోరు రాలేదు.

అప్పుడు నాకు మా స్కూలు నుంచి పోయి చూసిన పూండి మ్యూజియం గుర్తొచ్చింది. అక్కడ రాతి గొడ్డళ్ళు ఉన్నాయి. మాకు దగ్గర్లోనే ఉండే అత్తిరంపాక్కంలో 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఆయన ఇట్లాంటివి కనుక్కున్నాడు. అక్కడ దొరికిన వాటిల్లో పాతవి 15 లక్షల ఏళ్ళ నాటివని తర్వాత పరిశోధనలో తేలింది. అంత కాలంగా ఈ ఏటి పక్కన మనుషులు తిరిగినారు. ఆ లెక్కలో చూస్తే ఇరవై అయిదేళ్ళు ఎంత? మా తాత ముత్తాతల కాలం అంతా కలిపినా ఎంత? మనం చూడలేదు కాబట్టి రాదు అనుకోవడానికి మన వయసు చాలదు.

ఆ సాయంత్రం నేను రాసుకున్న తెలుగు పాఠాన్ని, బొమ్మతో సహా, నాయన చొక్కా జేబులో పెట్టినాను. నాయన అయిదో తరగతి వరకు తెలుగులోనే చదువుకున్నాడు. ఇంగ్లీషు రాదు. తమిళం బాగా మాట్లాడతాడు గానీ చదవడం తక్కువ. ఆయన పని గురించి తెలుగులో రాసిన కాగితం చూడడం అదే మొదలేమో. రాత్రి అన్నం తిన్నాక లైటు కింద కూర్చుని చాలాసేపు దాన్నే చూసినాడు. ఏమీ అనలేదు.

మర్నాడు పొద్దున నేను పైకి పోలేదు. అయినా టంగుటంగుమని చప్పుడు వినబడింది. తమ్ముడు కిందికి పరుగెత్తి వచ్చి, "అక్కా, నాయన రింగులన్నీ మళ్ళీ వంచుతాండాడు" అన్నాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. కానీ అది మధ్యాహ్నం దాకానే.

మధ్యాహ్నం నాయన అన్నానికి వచ్చి, చేతులు కడుక్కోకుండా హాల్లో పిల్లరు ముందు నిలబడినాడు. దాని మీద చెయ్యి పెట్టి, "కింద వీటిల్లో నేను అట్ల వంచలేదు పాపా" అన్నాడు.

మా ఇంట్లో తొమ్మిది పిల్లర్లు. ఒక్కోటి తొమ్మిదంగుళాలకు తొమ్మిదంగుళాలు. లోపల నాలుగే కంబులు. రింగులు దూరం దూరంగా, కొసలు పైపైనే. పైన గది వేస్తే ఆ బరువంతా వీటి మీదే. బస్సులో నిలబడినప్పుడు డ్రైవరు ఉన్నట్టుండి బ్రేకు వేస్తే కాళ్ళు బస్సుతో ఆగుతాయి, మనిషి ముందుకు పోతాడు కదా. నెత్తిన మూట కూడా ఉంటే ఇంకా తూలిపోతాడు. ఇల్లు కూడా అంతే. భూమి కింద నుంచి లాగితే పైబరువు ఎంత ఎక్కువైతే పిల్లర్ల మీద అంత లాగుడు. పైగదిలో రింగులు ఎంత బాగా వంచినా కాళ్ళే బలం లేకపోతే ఏం లాభం?

నాయన తనకు పని ఇచ్చే ఒక ఇంజినీరును పిలుచుకొచ్చి చూపించినాడు. ఆయన పిల్లర్లన్నీ కొలిచి, "పైన గది వేయాలంటే ముందు కింద పిల్లర్లకు జాకెటు వేయాల" అన్నాడు. అంటే పునాది దాకా తవ్వి, పాత పిల్లరుకు ఉలితో గాట్లు పెట్టి, చుట్టూ కొత్త కంబులు, కొత్త రింగులు కట్టి మళ్ళీ కాంక్రీటు పోయడం. నాయన లెక్క వేసుకున్నాడు. చీటీ డబ్బులో సగానికి పైగా దానికే సరిపోతుంది. ఇంక పైగదికి మిగిలేది లేదు.

ఆ రాత్రి అమ్మానాయన మెల్లగా మాట్లాడుకుంటుంటే హాల్లో నాకు వినబడింది. "పిల్ల పదో క్లాసు. ఈ ఏడు గది వేస్తామని చెప్పినాం కదా" అంటుంది అమ్మ. "మన ఇల్లు మనం చూసుకోకుంటే ఊరోళ్ళ ఇండ్లు ఏం కడతా నేను?" అన్నాడు నాయన. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నేను ఆ కాగితం ఎందుకు ఇచ్చినానా అని కూడా అనుకున్నాను. ఇవ్వకుండా ఉంటే కిటికీ ఉన్న గది నాకు వచ్చి ఉండేది. అట్లా అనుకున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది. కానీ అనుకున్న మాట నిజం.

నెలన్నర రోజులు ఇల్లంతా దుమ్ము. హాలు తవ్వేస్తే మేము వంటింట్లో పడుకున్నాం. పైన నిలబెట్టిన కంబులకు తుప్పు పట్టకుండా నాయన సిమెంటు పాలు పూసినాడు. చుట్టాలు వచ్చి నవ్వి పోయినారు. "మిద్దె మింద మిద్దె వేస్తానని మొదలుపెట్టి, కింద స్తంభాలకు చొక్కాలు తొడిగినాడు" అన్నాడు మా పెదనాయన. మన ఊళ్ళో కనబడే దానికే గౌరవం. గది కట్టి ఉంటే వచ్చి చూసి బాగుంది అని ఉంటారు. పిల్లరు లోపల రింగు కొస ఎట్ల వంగిందో ఎవరికి కనబడుతుంది?

తొమ్మిదంగుళాల పిల్లర్లు ఇప్పుడు పదిహేడు అంగుళాలైనాయి. హాలు చిన్నదైంది. బీరువా పట్టక వంటింటి గోడకు పోయింది. ఇదీ మేలే అయింది, ఎందుకంటే ఇంతకు ముందు అది అవ్వ తల దిక్కున ఉండేది. ఇప్పుడు దాన్ని నాయన గోడకు పట్టీలతో బిగించినాడు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. నాయన ఇప్పుడు ఎక్కడ పనికి పోయినా రింగులు లోపలికే వంచుతున్నాడు. పిల్లరు అడుగున, పైన బీము కలిసే చోట నాలుగంగుళాలకు ఒక రింగు కడుతున్నాడు. పిల్లర్లు లేని చిన్న ఇటుక ఇళ్ళకైతే కిటికీల పైన గోడ చుట్టూ తెగకుండా లింటెల్ బెల్టు వేయమని చెబుతున్నాడు. పెట్టెకు తాడు కట్టినట్లు అది నాలుగు గోడలనూ కలిపి పట్టుకుంటుంది. ఒక ఇంటివాళ్ళు "ఎందుకు దండగ" అన్నారంట. రింగు వంచే దానికి కంబి ఎక్కువ పట్టేది చాలా కొంచెం, వంచే కూలి నేనే భరిస్తాను అన్నాడంట. నేను రాసిన కాగితాన్ని జిరాక్సు తీయించి ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తిరుగుతున్నాడు. తెలుగు చదవగలిగే మేస్త్రీలకు చూపిస్తున్నాడు. మన మాతృభాషలో చదువుకుని ఏం లాభం అని అడిగేవాళ్ళకు నేను ఈ ఒక్కటి చెబుతాను.

ఈ పత్రిక చదివే మీ ఇళ్ళల్లో కూడా మేస్త్రీలు, కంబి కట్టేవాళ్ళు, ఇల్లు కట్టబోయే వాళ్ళు చాలా మంది ఉంటారు. పెద్దలకు నా మనవి ఇదే. కొత్తగా కట్టేటప్పుడు కాంక్రీటు పోసే ముందు ఒకసారి రింగు కొసలు చూడండి. పోసినాక దాన్ని సరిచేయాలంటే ఎంత కష్టమో మా ఇంటికి వచ్చి చూడొచ్చు. పాత ఇంటి మీద ఇంకో అంతస్తు వేసే ముందు కింద పిల్లర్లను ఇంజినీరుకు చూపించండి. మిద్దె మీద వెయ్యి లీటర్ల నీళ్ళ ట్యాంకు అంటే ఒక టన్ను బరువు. దాన్ని ఎక్కడ పెట్టాలో కూడా ఆయన్నే అడగండి.

నా తోటి విద్యార్థులకు: భూమి ఊగితే మెట్లకు పరుగెత్తవద్దు. బెంచీ కిందో, గట్టి బల్ల కిందో దూరి తల కాపాడుకుని, దాని కాలు గట్టిగా పట్టుకోండి. బయట ఉంటే గోడలకు, కరెంటు తీగలకు దూరంగా నిలబడండి. ఊగడం ఆగినాక బయటికి రండి. గ్యాసు కట్టేయండి. పడుకునే చోట తల పైన అటక మీద బరువులు ఉంటే ఈ రోజే దించండి. మా స్కూల్లో ఇప్పుడు దీన్ని రెండుసార్లు అభ్యాసం చేసినాం. మొదటిసారి అందరం నవ్వినాం, రెండోసారి నవ్వలేదు.

భూకంపం రేపు రావచ్చు, నా జీవితంలో రాకనే పోవచ్చు. అది ఏ రోజు వస్తుందో శాస్త్రవేత్తలు కూడా ముందే చెప్పలేరు. వరదకు మైకులో చెప్పినట్లు దీనికి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఇల్లు కట్టే రోజే మనకు దొరికే సమయం.

పైగది ఇంకా వేయలేదు. మళ్ళీ చీటీ కట్టినాక చూద్దాం అన్నాడు నాయన. నేను పబ్లిక్ పరీక్షలకు హాల్లోనే చదువుతున్నాను. అవ్వ ఒక పిల్లరుకు ఆనుకుని కూర్చుంటుంది, నేను ఇంకో పిల్లరుకు ఆనుకుంటాను. ముందు ఉన్న పిల్లరైతే వీపుకు ఆనేది కాదు, ఇది బాగా వెడల్పు. రాత్రి అవ్వ దగ్గుతుంటే నేను చదువు ఆపి నీళ్ళిస్తాను. నిన్న అవ్వ పిల్లరును చేత్తో తట్టి, "ఇది కదల్దు లే, నువ్వు చదువుకో" అనింది.